ఆ నీడ కింద నిలబడని సారు

మా స్ట్రక్చర్స్ సారు పోయారు. మిర్యాలగూడ దవాఖానలో నిద్రలోనే గుండె ఆగిపోయిందని ఆయన భార్య ఫోన్ చేసి చెప్పింది. నేనప్పుడు మునగాలలో ఒక ఇంటి స్లాబ్ పని మీద ఉన్నాను. ఇసుక కుప్ప పక్కన కూర్చొని ఏడ్చాను. సాయంత్రానికి, మేం చదివిన కోదాడ ఇంజనీరింగ్ కాలేజీ నుంచి మెసేజ్ వచ్చింది, 'మా కుటుంబ పెద్దను కోల్పోయాం' అని. అది చదవగానే ఏడుపు ఆగిపోయింది. ఆ పెద్దను వాళ్లు ఎట్లా చూశారో మా బ్యాచ్ మొత్తానికీ తెలుసు.

చివరి సంవత్సరంలో ఆయన మాకు కాంక్రీటు డిజైన్ చెప్పేవారు. ఒక అంచు గోడను పట్టుకొని, రెండో అంచు గాలిలో నిలిచే స్లాబ్‌ను కాంటిలివర్ అంటారు. ఆ పాఠం ఆయన బోర్డు మీద మొదలుపెట్టలేదు. నన్ను లేపి, చెయ్యి చాపమని, తన టిఫిన్ డబ్బా వేళ్లకు తగిలించారు.

"యాడ గుంజుతున్నది?"

"భుజం మీద సార్, పైన."

"గాడనే రాడ్లు ఉండాలె. కిందికి జారినయంటే ఉన్నా లేనట్టే."

డబ్బా మాత్రం వెంటనే తీసుకోలేదు. చెయ్యి కిందికి వాలి పప్పుచారు ఒలికింది. "స్లాబుకు సెలవుండదు బిడ్డా," అని నవ్వారు. ఆ రోజు ఆయన ఉత్తన్నమే తిని ఉంటారు.

కాపీ కొట్టిన అసైన్‌మెంట్‌ను ఆయన రెండు వేళ్లతో మూల పట్టుకొని, చచ్చిన ఎలుకను తీసినట్టు తీసి బల్ల చివర వేసేవారు. తర్వాత వెళ్లి చేతులు కడుక్కునేవారు. నా లెక్కలు ఎన్నోసార్లు తప్పాయి. వాటిని మాత్రం కళ్లద్దాలు తుడుచుకొని మరీ చదివేవారు. "తప్పయితే సదువుతా. దొంగదయితే ముట్ట," అనేవారు. మాది పెన్‌పహాడ్ దగ్గర పల్లె. అమ్మానాన్నలు కూలికి పోతారు, మా ఇంట్లో బడి ముఖం చూసింది నేనే మొదట. ఆ మాట చెబితే ఆయన జాలిపడలేదు. "మంచిదే. తప్పుడు లెక్కలు నేర్పెటోళ్లు ఇంట్ల లేరన్నట్టు," అన్నారు.

ఆ ఏడే కాలేజీ ముందు, స్తంభాలు లేకుండా గోడ నుంచి ముందుకు చాచిన స్లాబ్‌తో పెద్ద పోర్టికో కట్టారు. కాంట్రాక్టర్ కాలేజీ యజమానికి బామ్మర్ది. స్లాబ్ పోసే రోజు సారు మమ్మల్ని చూడటానికి తీసుకెళ్లారు. తట్టలు మోసే కూలీలు పై రాడ్ల మీదే నడుస్తున్నారు. వాళ్లకు పలకలు వేసి దారి చేసినవారు లేరు. మేం చూస్తుండగానే పైనుండాల్సిన రాడ్లన్నీ అడుగుకు అణిగిపోయాయి. పని ఆపి, వాటిని లేపి కట్టమన్నారు సారు. ముహూర్తం దాటిపోతుందన్నాడు యజమాని. బామ్మర్ది అయితే నవ్వాడు. "ఇన్ని స్లాబులు పోసినం, ఒక్కటన్న కూలిందా సారూ? పుస్తకాలల్ల కూలుతయేమో."

ముహూర్తానికే పోశారు. స్లాబ్‌ను కింద నుంచి మోసిన సెంట్రింగ్ చెక్కలు విప్పగానే గోడ దగ్గర పైభాగం పగిలింది. కూలగొట్టి మళ్లీ పొయ్యాలని సారు రాసిచ్చారు. వాళ్లు అంచు కింద రెండు ఇనుప పైపులు నిలబెట్టి, చుట్టూ చెక్కలు బిగించి, గుండ్రటి స్తంభాల్లా రంగు వేశారు. అందంగా ఉందని వచ్చినవాళ్లంతా ఫొటోలు దిగారు. సారు దగ్గర్నుంచి మా క్లాసు తీసేసుకొని, మొదటి సంవత్సరం పిల్లలకు గీతలు గీయడం నేర్పమన్నారు.

ఆయన తగ్గలేదు. ఆ పోర్టికో కింద ఒక్క అడుగూ వెయ్యలేదు. వానైనా ఎండైనా గొడుగు పట్టుకొని చుట్టూ తిరిగి పక్క గుమ్మంలోంచి వచ్చేవారు. ఎదురైన పిల్లలకు, "గాడ నిలబడకుర్రి," అని చెప్పేవారు. పిచ్చి సారని కొందరు నవ్వారు. ఆ నవ్వినవాళ్లలో మాకు చదువు చెప్పిన వేరే సార్లూ ఉన్నారు. అది తలుచుకుంటే ఇప్పటికీ రోత పుడుతుంది.

సంతాప సభకు పాత విద్యార్థినిగా నన్నూ పిలిచారు. ముందురోజు బామ్మర్ది ఫోన్ చేసి, పోర్టికో సంగతి ఎత్తకుండా నాలుగు మంచి మాటలు చెబితే చాలన్నాడు.

వెళ్లి చూస్తే సభ ఆ పోర్టికో కిందే. ఫ్లెక్సీని ఆ రెండు దొంగ స్తంభాలకే కట్టారు. సారు ఫొటోను సరిగ్గా స్లాబ్ కింద, మధ్యలో పెట్టారు. చుట్టూ పిల్లలు నిలబడ్డారు. బతికినన్నాళ్లూ కాలు పెట్టని చోట, చచ్చాక ఆయన్ను దండ వేసి కూర్చోబెట్టారు.

నేను మైకు దగ్గరకు వెళ్లలేదు. ఫొటోను స్టూలుతో సహా ఎత్తుకొని బయటి ఎండలో పెట్టాను.

"అరె, ఎండల పెడ్తున్నవేందమ్మా?" అన్నాడు బామ్మర్ది.

"సారు ఆ నీడకు రారన్నా."

చివరి సంవత్సరం అమ్మాయి ఒకతి పైకి చూసింది, స్తంభాల వైపు చూసింది. పువ్వులు పట్టుకొని ఎండలోకి వచ్చింది. ఆమె వెనుక మిగతా పిల్లలూ వచ్చారు. పోర్టికో కింద సోఫాలో బావా బామ్మర్దులు ఇద్దరే మిగిలారు. ఫొటో అద్దానికి తగిలిన ఎండ వెనక్కి మళ్లి, రంగు వేసిన స్తంభం మీద చిన్న వెలుగు ముక్కై నిలిచింది.