పొగగుర్రాల మంద

నగరిలో పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని తెచ్చే జియావుల్లా, దాని జూలు దువ్వినంతసేపూ బ్యాండువాళ్లకు పొగగుర్రాల కథలు అల్లి చెబుతాడు. కొండల్లో తిరిగే ఆ మందలో ఒకటి బెదిరితే, మిగతావన్నీ దానికి వీపు తిప్పి తాపీగా నిలబడతాయట. "ఆ మంద యాడుండాదప్పా?" అని డ్రమ్ము వాయించే మునిశేఖర్ ప్రతిసారీ నవ్వుతాడు.

ఒకరోజు ఊరేగింపులో గుర్రం కాళ్ల దగ్గరే టపాకాయ పేలింది. అది ముందుకాళ్లు లేపింది. పెళ్లికొడుకు పక్కకు ఒరిగిపోయి జూలు పట్టుకుని వేలాడాడు. కళ్లెం కోసం జనం మీదపడేకొద్దీ గుర్రం ఇంకా చెలరేగింది. "పొగగుర్రాల మాదిరి నిలబడండప్పా!" అని అరిచి, జియావుల్లా ముందుగా తానే వీపు తిప్పాడు. బ్యాండువాళ్లు వెంటనే తిరిగారు. వాళ్లను చూసి చుట్టాలూ తిరిగారు. డెక్కల చప్పుడు ఆగింది. పెళ్లికొడుకు మళ్లీ జీను మీదికి సర్దుకున్నాడు. వెచ్చటి ఊపిరి జియావుల్లా మెడకు తగిలింది. "ఇంగ తిరగొచ్చునా?" గొంతు తగ్గించి అడిగాడు మునిశేఖర్. "రవ్వంతసేపు ఉండప్పా. మంద యాడుండాదని అడగతా ఉంటివే, ఈడుండాది."