దీనమ్మ ప్రవచనంలో రెండో సగం

2009 జూన్‌లో నన్ను మహబూబాబాద్ పాస్టరేటుకు బదిలీ చేశారు. పాస్టరేటు అంటే పట్నంలో ఒక పెద్ద చర్చి, దాని కింద చుట్టుపక్కల పల్లెల్లో, తండాల్లో ఉండే చిన్న సంఘాలు. నా పరిధి గార్ల వరకూ ఉండేది. పల్లె సంఘాలను సువార్తికులు చూసుకుంటారు. వాళ్లు వాక్యం చెప్పవచ్చు కానీ, బాప్తిస్మమూ ప్రభురాత్రి భోజనమూ అభిషేకం పొందిన పాస్టరు చేతి మీదుగానే జరగాలి. అందువల్ల నెలలో సగం ఆదివారాలు నేను మోటారుసైకిలు మీదే గడిపేవాణ్ణి. ఊరివాళ్లు మహబూబాబాద్‌ను మానుకోట అంటారు. నాకూ అదే అలవాటైంది.

వేదాంత కళాశాలలో నేను చదివింది పాత నిబంధన ప్రవక్తల గురించి. అందులోనూ యిర్మీయా గ్రంథం మీద ఎక్కువ కాలం గడిపాను. ఆ చదువు మనిషిని సంతోషపెట్టేది కాదు. ఎవరైనా చేతులెత్తి, దేవుడు నాతో ఇట్లా చెప్పాడు అనగానే నాకు లోపల ఒక గొంతు, ఆగు, చూద్దాం అంటుంది. సంఘంలో ఇలాంటి పాస్టరు మీద ఎవరికీ పెద్దగా ప్రేమ ఉండదు. పెళ్లిళ్లకు పిలుస్తారు, ఉపవాస కూటాలకు పిలవరు.

మా సంఘంలో శుక్రవారం ఉపవాస కూటం జరిగేది. పొద్దున్నుంచి మంచినీళ్లతో ఉండి, సాయంత్రం దాకా ప్రార్థన చేస్తారు. ఆ కూటంలో ప్రవచనం చెప్పే ఆమె దీనమ్మ. భర్త పోయాక కుట్టుమిషను మీద పిల్లల్ని పెంచుకుంది. నాటకాలాడే మనిషి కాదు, నిజంగా కడుపు మాడ్చుకుని ప్రార్థించే మనిషి. ఆమె చెల్లెలు రూతమ్మ. రూతమ్మ భర్త యాకయ్య మిర్చి యార్డులో హమాలీ. నేను వచ్చిన ఆ వానాకాలంలోనే రూతమ్మ రొమ్ములో గడ్డకు హైదరాబాదు పెద్ద దవాఖానలో ఆపరేషన్ అయింది. తర్వాత సెలైనులో మందు ఎక్కించారు. అది అయ్యాక కొన్ని వారాలు కరెంటు పెట్టించుకోవాలని డాక్టర్లు చెప్పారు. రేడియేషన్‌ను మా వైపు కరెంటు పెట్టడం అంటారు.

ఆ ఏడు చలికాలం మొదలవుతూనే రాష్ట్రం కోసం ఊరూరా దీక్షా శిబిరాలు వెలిశాయి. నవంబరు చివర ఒక శుక్రవారం కూటంలో దీనమ్మ చెల్లెలి నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రవచనం పలికింది. నేను ఆ కూటంలో లేను. మర్నాడు సంఘ పెద్దలు వచ్చి ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పారు: "ఈ నేల కట్లు తెగే దినాన నీ రోగం కట్లు సుత తెగుతయి. తెలంగాణను నీ కండ్లతోని చూస్తవు."

నాకు భయం వేసింది. రెండు కోరికలను ఒకే ముడిగా వేసింది ఆమె. ఒకటి జరిగితే రెండోదీ జరిగినట్టే అనుకుంటారు కదా.

అట్లాగే అయింది. డిసెంబరులో రాష్ట్రం ఇస్తామని ఢిల్లీ నుంచి ప్రకటన వచ్చింది. తెల్లారి ఊరంతా రోడ్డు మీదే ఉంది. రూతమ్మ నా దగ్గరికి వచ్చి, ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్తానంది. సాక్ష్యం అంటే దేవుడు తనకు చేసిన మేలును సంఘం ఎదుట నిలబడి చెప్పడం. మా పద్ధతి ప్రకారం దాన్ని ముందుగా పాస్టరుకు వినిపించాలి. స్వస్థత సాక్ష్యమైతే డాక్టరు మాట కూడా నేను అడిగేవాణ్ణి. ఈ పట్టింపు వెనుక కారణం ఉంది. ఒకసారి నలుగురిలో బాగైందని చెప్పినవాళ్లు మళ్లీ మందు మింగితే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టే అని మావాళ్ల నమ్మకం. సాక్ష్యం చెప్పిన మనిషికి దవాఖాన తలుపు మూసుకుపోతుంది. కరెంటు పెట్టించుకుని రా, అప్పుడు గంట సేపైనా సాక్ష్యం చెప్పనిస్తాను అన్నాను. ఆమె ముఖం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయింది.

చర్చిలో నా మాట చెల్లింది గానీ శిబిరంలో ఎట్లా చెల్లుతుంది? ఆ మధ్యాహ్నం స్టేషను దగ్గరి శిబిరంలో అన్ని మతాలవాళ్లనూ ప్రార్థనకు పిలిచారు. అర్చకుడు, మౌల్వీ అయ్యాక నేను ఒక కీర్తన చదివి దిగాను. రూతమ్మ జనంలోంచి వచ్చి మైకు అందుకుంది. నెత్తికి చుట్టుకున్న గుడ్డ తీసేసింది. అప్పుడప్పుడే వెంట్రుకలు మొలుస్తున్నాయి.

"మా అక్క నోట దేవుడు చెప్పిండు. తెలంగాణ వచ్చింది, నా రోగం పోయింది. ఇగ నేను దవాఖానకు పోను" అంది.

జనం ఈలలు వేశారు, జై తెలంగాణ అన్నారు. తండాల నుంచి వచ్చిన ఆడవాళ్లు ఆమె చేతులు పట్టుకుని కళ్లకద్దుకున్నారు. యాకయ్య నవ్వుతూ చప్పట్లు కొడుతున్నాడు.

రెండు వారాలు తిరక్కుండానే ప్రకటన వెనక్కి పోయింది. ఊరు మళ్లీ భగ్గుమంది. ఆ కోపంలో నాకూ పాలుంది. నేను జనగామ పక్క పల్లెలో పుట్టినవాణ్ణి. పరాయి ఊళ్లో చదువుకునేటప్పుడు నా మాటకు నవ్విన నవ్వులు నాకు గుర్తే. అయినా ఒక మూల చిన్న ఆశ పుట్టింది. మొదటి సగం తప్పింది కాబట్టి రూతమ్మ రెండో సగాన్నీ వదిలేసి వైద్యానికి పోతుందనుకున్నాను.

జనవరిలో యిర్మీయా ఇరవై ఎనిమిదో అధ్యాయం మీద ప్రసంగించాను. అక్కడ హనన్యా అనే ప్రవక్త, బబులోను కాడి, అంటే ఆ పరాయి రాజు పెత్తనం, రెండేళ్లలో విరిగిపోతుందని ప్రకటిస్తాడు. యిర్మీయా కోప్పడడు. ఆమేన్, అట్లాగే జరగాలి అంటాడు. తనకూ అదే కావాలి. కానీ కోరుకోవడం వేరు, దేవుడు చెప్పాడనడం వేరు అని ఆయనకు తెలుసు. మంచి జరుగుతుందని చెప్పే ప్రవక్త మాటను, అది జరిగినప్పుడే నమ్మమంటాడు. ప్రసంగంలో నేను రూతమ్మ పేరు ఎత్తలేదు, శిబిరం పేరూ ఎత్తలేదు.

సాయంత్రానికల్లా అయ్యగారు ఆంధ్రోళ్ల దిక్కు మాట్లాడిండు అని పుకారు. యిర్మీయాను కూడా శత్రువు వైపు పోతున్నాడని పట్టుకున్నారు గానీ, ఆ సంగతి పెద్దలకు చెప్పి ప్రవక్త పక్కన కుర్చీ వేసుకునే ధైర్యం నాకు లేకపోయింది. పెద్దలు పై అధికారికి ఫిర్యాదు చేశారు. ఆయన నన్ను పిలిపించి, పరిస్థితి చల్లబడేదాకా సువార్తల మీదే ప్రసంగించండి, ప్రవక్తల జోలికి పోకండి అన్నాడు.

ప్రసంగం మానవచ్చు, ఇళ్లకు పోవడం మానలేం కదా. యాకయ్య ఇల్లు యార్డు వెనుక ఉండేది. ఇంట్లో మిరప ఘాటుకు కూర్చున్నంతసేపూ దగ్గుతూనే ఉండేవాణ్ణి. రూతమ్మకు వాక్యం బాగా వచ్చు. ఆలస్యమైనా కనిపెట్టుమని, అంటే ఎదురుచూడమని, హబక్కూకు ప్రవక్త చెప్పలేదా అని నన్నే అడిగింది.

"రాష్ట్రం ఎటూ పోలే అయ్యగారు, జర ఆలస్యమైంది. గిప్పుడు నేను దవాఖానకు పోతే, దేవుని మాట మీద నమ్మకం లేకనే పోయిందంటరు. శిబిరంల కూసున్నోళ్లు రోజూ నన్ను చూసి పోతున్నరు. నువ్వు మంచిగుంటె రాష్ట్రం వచ్చినట్టే అక్కా అంటున్నరు."

యాకయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "వాళ్లు చూసి పోతరు. నేను నీతోని ఉండాలె గద" అన్నాడు.

దీనమ్మతో కూడా మాట్లాడాను. చెల్లెలికి మందు మానమని ప్రవచనంలో లేదు కదా, ఆ ఒక్క మాట నువ్వే చెప్పు అని బతిమాలాను. "దేవుడు ఇడిచిపెట్టిన మాటకు నేనెట్ల మాట కలుపుతా?" అంది. అట్లా అంటూనే మిషను మీద గుడ్డ వంకరగా కుట్టి, మళ్లీ విప్పింది.

ఎండలు ముదిరే వేళకు రూతమ్మ చంకలో ఇంకో గడ్డ లేచింది. ముందు నా భార్యకు చూపించింది. దవాఖానకు వస్తాను గానీ మానుకోట స్టేషనులో రైలెక్కను అని షరతు పెట్టింది. అక్కడ అందరూ ఆమెను ఎరుగుదురు. అందుకని జీపు మాట్లాడి తొర్రూరు మీదుగా జనగామ పోయాం. అక్కడి పాస్టరు నాకు తోటి విద్యార్థి. ఆయన ఇంట్లో ఆగి, పొద్దున రైలుకు స్టేషనుకు వచ్చాం. ముఖం కనపడకుండా కొంగు కప్పుకుని, ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద కూర్చుంది రూతమ్మ.

"అయ్యగారు, నేను పోతున్నందుకు రాష్ట్రం ఆగుతదా?"

ఆగదన్నాను.

"మరి నేను పోకుంటే వస్తదా?"

దానికీ దీనికీ సంబంధం లేదన్నాను. ఓదార్పుగానే అన్నాను. అది ఆమెకు ఓదార్పు కాలేదు.

"గట్లయితే ఇన్ని దినాలు నేను మోసిందేంది?"

యాకయ్య లేచి నీళ్ల సీసా నింపుకొస్తానని పోయి, రైలు వచ్చేదాకా అటే నిలబడ్డాడు.

దవాఖానలో డాక్టరమ్మ పరీక్షలు చేయించి, రోగం ఊపిరితిత్తులకు పాకిందని చెప్పింది. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని ఆమె అడిగితే, ఊళ్లో బందులని చెప్పాడు యాకయ్య. డాక్టరమ్మ నొప్పి తగ్గే మందు తప్ప ఇంకేమీ రాయలేదు. వానలు పడకముందే రూతమ్మ చనిపోయింది. సమాధి దగ్గర శిబిరంవాళ్లు జెండా కప్పుతామంటే యాకయ్య వద్దన్నాడు. నేనున్నన్నాళ్లు దీనమ్మ ఉపవాస కూటానికి వచ్చేది, ఉపవాసం చేసేది, ప్రవచనం మాత్రం పలికేది కాదు.

పాస్టరు పని బయటివాళ్లకు మాటల పనిలా కనిపిస్తుంది. అందులో సగం, మాట పనికిరాని చోట ఊరికే కూర్చోవడం. ఆ ఏడు నేను యాకయ్య ఇంట్లో చేసింది అదే.

2012లో నన్ను భూపాలపల్లికి మార్చారు. అది ఇంకా జిల్లా కాలేదు, బొగ్గు గనుల ఊరు. రెండేళ్లకు రాష్ట్రం నిజంగానే వచ్చింది. ఆ జూన్‌లో మానుకోట సంఘం కృతజ్ఞతా ఆరాధన పెట్టి, వాక్యం చెప్పడానికి నన్ను పిలిచింది. నా మీద ఫిర్యాదు చేసిన పెద్దలే దండ వేశారు. చర్చి నిండా గులాబీ కాగితాలు. ప్రసంగానికి ముందు సాక్ష్యాలు. పెద్దలు దీనమ్మను బలవంతంగా లేపారు. ఈమె నోట దేవుడు ముందే చెప్పాడు, ఈ నేల కట్లు తెగుతాయన్నాడు, తెగాయి అని సభకు పరిచయం చేశారు. చప్పట్లు మోగాయి. ఆ ప్రవచనంలో ఇంకో మాట ఉందని ఒక్కరూ అనలేదు. నిజంగానే మరిచిపోయారని నాకు అనిపించింది.

వెనుక వరుసలో యాకయ్య లేచాడు. కోపంగా లేడు. మనిషి బాగా వంగిపోయాడు.

"వదినా, రెండోది సుత చెప్పు" అన్నాడు.

ఒక పెద్ద, యాకయ్యా, ఇయ్యాల పండుగ, కూసో అన్నాడు. దీనమ్మ ఆ పెద్దను చేత్తో ఆపింది. మైకు అందుకుంది.

"రెండోది దేవుడు చెప్పింది కాదు. నేను చెప్పిన. నా చెల్లె బతకాలని ఉండె నాకు."

యాకయ్య ఇంకా నిలబడే ఉన్నాడు.

"మరి మొదటిది?"

"మొదటిది సుత నాకు కావాల్ననే ఉండె" అంది దీనమ్మ. "రెండూ ఒక్క తీరుగనే వచ్చినయి, యాకయ్యా. ఏది ఎవరిదో అప్పుడు నాకు ఎరుక కాలే. ఇప్పటికీ ఎరుక లేదు."

మైకు బల్ల మీద పెట్టి, మెట్లు దిగి, పోయి యాకయ్య పక్కన కూర్చుంది. ఆ తర్వాత నేను ప్రసంగించాలి. రాసుకొచ్చిన కాగితాలు జేబులోనే ఉంచి, రూతమ్మ పేరు చెప్పి ఒక ప్రార్థన చేసి ముగించాను. విందులో నాతో చాలామంది మాట్లాడలేదు.

జరగని మాట దేవుడిది కాదని ద్వితీయోపదేశకాండం చెబుతుంది. ఆ పరీక్షను నేను సువార్తికుల శిక్షణ తరగతుల్లో ఏళ్ల తరబడి బోధించాను. సగం జరిగి సగం జరగని మాటను ఏం చేయాలో ఎవరూ అడగలేదు, నాకూ తోచలేదు. మానుకోట తర్వాత నా దగ్గర శిక్షణకు వచ్చిన సువార్తికులకు ఒక పని చేర్చాను. ఏదైనా ప్రవచనం నెరవేరిందని సంఘం సంబరపడుతుంటే, ఆ మాట ఎవరి నెత్తి మీద చెయ్యి పెట్టి పలికారో ముందు వాళ్ల ఇంటికి పోయి కనుక్కుని రమ్మంటాను. వాళ్లు బతికి ఉంటే వాళ్లనే అడగాలి. లేకపోతే ఆ ఇంట్లో మిగిలినవాళ్లను అడగాలి.