బొట్టు పెట్టిన ఫ్లాపీ

ఉద్యోగం చేసే రోజుల్లో రాసుకున్న ఒక ప్రోగ్రాం లినక్స్ మీద తప్ప నడవదు కనుక, పోయిన వారం నా విండోస్ కంప్యూటర్‌లోనే ఒక వర్చువల్ మెషీన్ పెట్టుకున్నాను. కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ ఉన్నట్టు నటించే ఏర్పాటు అది. డిస్కు మొత్తం చెరిపెయ్యమంటారా అని అడిగినప్పుడు, చెరిగేది ఉత్తుత్తి డిస్కేననీ, నిజానికి అది ఒక ఫైలు మాత్రమేననీ తెలిసి కూడా, నా చెయ్యి మౌస్ మీద చాలాసేపు ఆగిపోయింది.

దక్షిణాఫ్రికాలో అందరికీ ఓటు వచ్చిన మొదటి ఎన్నికలైన మరుసటి ఏడాది నేను ఆంధ్ర నుంచి ఇక్కడి పీటర్‌మారిట్జ్‌బర్గ్ వచ్చి, ఒక కళాశాలలో కంప్యూటర్ పాఠాలు చెబుతూ, నార్త్‌డేల్‌లో ఒక ఇంటి వెనక గదిలో అద్దెకుండేవాణ్ణి. ఇంటావిడ తాతలు చెరకు తోటల్లో పనికి ఓడెక్కి వచ్చినవాళ్ళు. అందరూ ఆమెను అవ్వ అనేవారు, నేనూ అలాగే పిలిచాను. అవ్వ కూతురు బడిలో టీచరు, నాకు అక్క. తెలుగు చదవడం ఆమెకు రాదు. అవ్వ గొంతు తగ్గిపోతోందని, ఆమె పాడే రామభజన పాటలు ఆమె తరువాత ఎవరికీ రావని భయపడి, వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో ఓపిగ్గా టైపు చేసి కొత్త కంప్యూటర్‌లో దాచుకుంది.

అప్పట్లో లినక్స్ కావాలంటే డిస్కును రెండుగా చీల్చి, సగం విండోస్‌కు వదిలి మిగతా సగం దానికివ్వాలి. మొదలుపెట్టడానికి ఒక ఫ్లాపీ తయారుచేసుకోవాలి. మన వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. లినక్స్ నేర్చుకుంటానని నేనడిగితే, అక్క కాదనకుండా తన కంప్యూటర్ ఇచ్చింది. ఒక ఆదివారం మధ్యాహ్నం, సొరుగులో కుంకుమ బొట్టు పెట్టిన ఫ్లాపీ ఒకటి కనిపించింది. మా వైపు కొత్త వస్తువు ఇంటికి రాగానే బొట్టు పెడతారు. ఆ కంప్యూటర్‌కీ పెట్టి ఉంది. ఇదీ కొత్తదే, ఖాళీదే అనుకుని, లోపల ఏముందో చూడకుండా దాని మీదే లినక్స్ రాసేశాను. తరువాత డిస్కు చీల్చేచోట ఒక అంకె తప్పు కొట్టాను. విండోస్, దానితో పాటు పాటలు, అన్నీ పోయాయి.

"డోంట్ వరీ మ్యాన్, తమ్ముడూ," అంది అక్క. "ఆ బొట్టు ఫ్లాపీలో కాపీ ఉన్నాది."

నేను దాన్ని డ్రైవ్‌లోంచి తీసి ఆమె చేతికిచ్చాను. రాముడి పాటలున్నాయని బొట్టు పెట్టారట.

అవ్వ పొయ్యి దగ్గర నుంచే అడిగింది. "ఏటి బాబూ, ఆ డబ్బా మింగీసిందా? మింగనీ. నా కడుపులో ఉన్నాయి కదేటి. మళ్ళీ పాడతాను, రాసుకో."

ఆ తరువాత వరసగా కొన్ని శనివారాలు ఆమె పాడింది, నేను అక్క కోసం ఇంగ్లీషు అక్షరాల్లో రాశాను, అక్క మళ్ళీ టైపు చేసింది. ఒక్క పాట మాత్రం మిగిలిపోయింది. ఇంట్లోంచి శవాన్ని లేపేటప్పుడు పాడేది అది. మొదటి చరణం, చివరి చరణం వచ్చాయి, నడుమది రాలేదు. ప్రతిసారీ అక్కడికొచ్చి ఆగి, కిటికీ వైపు చూసి, "రేపు వత్తాదిలే" అనేది. రాలేదు.

మరుసటి ఏడు ఆమే పోయింది. ముందు గదిలో అక్క కాగితం చూసి ఆ పాట పాడుతూ, మొదటి చరణం కాగానే ఆగింది. గదిలో అందరూ ఎదురుచూశారు. కాసేపటికి చివరి చరణం అందుకుంది. నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. ఆ రోజు గాని ఆ తరువాత గాని, అక్క నన్ను ఒక్క మాట అనలేదు.

ఇప్పుడు స్నాప్‌షాట్ అని ఒక వసతి ఉంది. పని మొదలుపెట్టే ముందు ఉన్నది ఉన్నట్టుగా పట్టి ఉంచుకుంటే, ఏం చెడినా మళ్ళీ ఆ స్థితికి వెళ్ళిపోవచ్చు. మొన్న అదీ తీసి పెట్టుకున్నాను. అవసరం పడలేదు.

ఈ చలికాలంలో అక్క కూడా వెళ్ళిపోయింది. ఆమెను లేపేటప్పుడు భజన వాళ్ళు ఆ పాటే పాడారు. మొదటి చరణం నుంచి నేరుగా చివరి చరణానికి, ఎక్కడా ఆగకుండా, చక్కగా పాడారు. ఆ పాట అంతేనని వాళ్ళు అనుకుంటున్నారు.