రెండో ప్రశ్న

చనిపోయిన రోజు మధ్యాహ్నం కూడా అక్క ఎప్పటిలాగే ఫోన్ చేసింది. చెల్లెలిది ఇంటి ముందుగదిలోనే బట్టలు కుట్టే దుకాణం. ఫోన్‌ను కుట్టుమిషన్ మీద నిలబెట్టి, చొక్కాకి కాలరు అతుకుతూనే వింటోంది.

"దూరాన ఒక నక్షత్రం ఉందే. వెలుగు కాసేపు తగ్గుతుంది, మళ్ళీ పెరుగుతుంది. తీరా చూస్తే అది ఒకటి కాదు, రెండు. తిరుగుతూ తిరుగుతూ ఒకదానికొకటి అడ్డమొస్తున్నాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది."

"పెద్దది లావుగా నీలాగే ఉండి ఉంటుంది."

"నోర్ముయ్. ఆ చిన్నదేమో..."

"అక్కా, పాలు పొంగుతున్నాయి, ఉంటా!"

ఆ సాయంత్రం ఇంటికెళ్ళే బస్సులో కిటికీకి తల ఆనించి, కునుకు తీసినట్టే అక్క వెళ్ళిపోయింది.

అక్కది నక్షత్రశాలలో ఉద్యోగం. టెలిస్కోపులు పంపే అంకెల కుప్పని చదివి, జనం అడిగినవాటికి జవాబు చెప్పే కృత్రిమ మేధ యంత్రాన్ని అక్కడ ఒక గదిలో పెట్టారు. దాని చేత మనుషుల్లా మాట్లాడించడం అక్క పని. మొదట్లో అది నోరు తెరిస్తే శాతాలు, దశాంశాలు. వచ్చినవాళ్ళు ఒక ప్రశ్న అడిగి, ఆవలించి, క్యాంటీన్ దారి పట్టేవాళ్ళు. డైరెక్టరు మూడు నెలలు గడువిచ్చాడు. అప్పటికీ జనం నిలబడకపోతే ఆ గది కూడా క్యాంటీన్‌కే.

"ఎవరూ రెండో ప్రశ్న అడగట్లేదే," అని అక్క వాపోయింది.

"నువ్వు పెంచిన యంత్రం కదా, ఎదుటివాళ్ళని ఎక్కడ మాట్లాడనిస్తుంది?"

అక్క పట్టు పడితే వదిలే రకం కాదు. యంత్రానికి పోలికలు నేర్పింది. అది రెచ్చిపోయి, ఏదో గ్రహం మీద సముద్రాలున్నాయని కోసేసింది. "అంకెల్లో లేని నీళ్ళు నీకెక్కడివి? తెలియకపోతే తెలియదని చెప్పు!" అని అక్క కసురుతుంటే, ఆఫీసులో పక్క సీటావిడకి నవ్వు ఆపుకోలేక పొలమారేది.

మధ్యాహ్నమైతే చెల్లెలికి ఫోన్. వీధిదీపం ముందు దోమ ఎగిరితే వెలుగు ఎంత తగ్గుతుంది? గ్రహం అడ్డొస్తే నక్షత్రం వెలుగూ అలా రవ్వంత తగ్గుతుందట. "అయితే ఆ దోమ ఎంతుందో ఎలా తెలుస్తుంది?" అనేది చెల్లెలు ఒక్కోసారి. ఒక్కోసారి, "సర్లే గానీ, బావ దగ్గు తగ్గిందా?" అనేది. అక్క తన గొప్పలు వినిపించడానికే ఫోన్ చేస్తుందని ఆమె నమ్మకం. అయినా ఫోన్ రాని రోజున కుట్టు వంకర పోయేది.

గడువు తీరేనాటికి అక్క లేదు. గది మాత్రం నిలిచింది. చెల్లెలు చూడ్డానికి వెళ్ళేసరికి, ఒక పెద్దాయన మైకు వదలకుండా మూడో ప్రశ్న అడుగుతున్నాడు. వెనక నిలబడ్డవాళ్ళు గొణుగుతున్నారు.

"ఇక్కడ వరస ఎక్కణ్ణించండీ?" అని ఆమె అడిగిందో లేదో, పక్క సీటావిడ పరిగెత్తుకొచ్చింది. "మీరు చెల్లెలు కదూ! గొంతు పట్టేశాను. రోజూ స్పీకర్లో వినేవాళ్ళం."

"అమ్మో, ఏమేం వాగానో!"

"మాకు పరీక్ష పెట్టేది మీరేనండీ. మీరు ఎదురు ప్రశ్న వేస్తే ఆ జవాబు పాస్. మాట మారిస్తే మీ అక్క దాన్ని తీసేసి మళ్ళీ చెప్పించేది."

చెల్లెలు నవ్వింది. కళ్ళు కూడా తుడుచుకుంది. "మరి ఆ జంట నక్షత్రాలది?"

"అదా? ఆ రోజే తీసేసిందండీ. మీరు పాల వంక పెట్టి ఫోన్ పెట్టేశారుగా."

"వంకేంటండీ! నిజంగానే పొంగాయి, స్టవ్వంతా!"