పిడికెడు జొన్నల దేవుడు

మల్లప్ప దుకాణంలో ఒట్టి పైసలకు కల్లు పోయడు. పైసలతోపాటు పిడికెడు జొన్నలు కూడా తేవాలి. "కాటమయ్యకు" అంటూ గంప ముందుకు జరుపుతాడు. కాటమయ్య తాటిచెట్లెక్కేవాళ్ల దేవుడు. గంపలో జొన్నలు పడ్డాకే ముంతలో కల్లు పడుతుంది.

"గిన్ని జొన్నలు మా ఎడ్లు గూడ తినయి" అన్నాడొకనాడు పెద్దులు. రోజూ అందరికంటే ముందొచ్చి కూర్చునేవాడు అతనే.

"నీ ఎడ్లు చెట్లెక్కుతయా? ఎక్కెటోళ్లను కాసేటోనికి ఆకలి జాస్తి. జొన్నలు పొయ్యి."

"సగం పిడికిలి పోస్త."

"సగం ముంత తాగుతవా?"

పెద్దులు పిడికిలి నిండా పోశాడు.

నేను 1961లో హుజూర్‌నగర్ తాలూకాలోని ఆ ఏటి ఒడ్డు ఊరికి సైన్సు పంతులుగా వచ్చాను. కిరాయి ఇల్లు ఆ దుకాణం పక్కనే దొరికింది. మా పాపకు అప్పటికి ఆరు నెలలు. కల్లు వాసనకు పాపకు మత్తెక్కుతుందేమోనని కిటికీకి తడిగుడ్డ కట్టాను. అయినా లొల్లి ఆగలేదు. ఫిర్యాదు చేయడానికి వెళ్లాను.

"ఫిర్యాదుకు గూడ పిడికెడే, సారూ" అన్నాడు మల్లప్ప.

తెచ్చి పోశాను. ఆ సాయంత్రం మల్లప్ప అందరినీ కసిరాడు. "పసిపిల్ల పండుకున్నది. గుసగుసగ తాగుండ్రి." నిజంగానే గుసగుసగా తాగారు. నిశ్శబ్దానికి మా పాప ఉలిక్కిపడి లేచింది.

కృష్ణా నది దాటితే అవతలి జిల్లాలో మద్యనిషేధం. ఈ ఒడ్డున కల్లుకుండ సర్కారుకు రాబడి. అదే కుండ పుట్టి పడవలో ఆ ఒడ్డుకు చేరితే నేరం. ఏటి నడుమ ఎక్కడ అది నేరంగా మారుతుందో నా సైన్సుకు అందలేదు. పుట్టి నడిపే భిక్షం మాత్రం అవతల దొరికిపోయి తెలుసుకున్నాడు. అతను జైలుకు పోతే ఇంట్లో భార్య సైదమ్మ, ఇద్దరు పిల్లలు, నాలుగు మేకలు మిగిలారు.

"మేకలన్న అమ్ముత గని ఒకల ముందట చెయ్యి చాప" అంది సైదమ్మ, బియ్యం ఇవ్వబోయిన మా ఆవిడతో. కానీ నెలలు గడిచినా మేకలు అమ్మలేదు. అదెలాగో మాకు తెలియలేదు.

ఒకరోజు ఆబ్కారీ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు.

"కల్లుకు లైసెన్సుంది, జొన్నలకు లేదు. ఈ వసూలు నేరం. ఆ జొన్నలన్నీ ఏమయ్యాయి?"

"దేవుడు తిన్నడు సార్."

"రుజువు చూపించు. లేకపోతే దుకాణం మూయిస్తా."

మల్లప్ప తలవంచుకున్నాడు. లొల్లి విని వచ్చిన నేను అతని చెవిలో అడిగాను. "చెప్పరాదా మల్లప్పా?"

"చెప్తే తినరు సారూ" అన్నాడు.

ఇంతలో వార్త తెలిసి సైదమ్మ వచ్చింది. చేతులకు ఇంకా పిండి ఉంది.

"దేవుని జొన్నలు ఇసిరేది నేను సార్. సగం పిండి నా కూలి. సగం గుర్వమ్మకు ఇయ్యమని దేవుడు చెప్పిండంటడు మల్లన్న. ఆమె పెనిమిటి గూడ గా జైల్లనే ఉన్నడు. పుణ్యానికి తినలే. ఇసిరి తిన్న."

"గుర్వమ్మకు ఇమ్మని దేవుడు ఎప్పుడు చెప్పాడయ్యా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ మల్లప్పతో.

"నేను కల్లు తాగినప్పుడు సార్."

ఇన్‌స్పెక్టర్ మీసాల కింద నవ్వు దాచుకున్నాడు. "అడిగి వసూలు చేస్తే నేరమే. ఇక అడగొద్దు" అని చెప్పి వెళ్లిపోయాడు.

మర్నాడు సాయంత్రం గంప మూలకు పోయింది. మల్లప్ప పైసలు తీసుకుని, మాట లేకుండా కల్లు పోశాడు. సైదమ్మ ఇంట్లో ఇసుర్రాయి చప్పుడు లేదు. పెద్దులు తాగకుండానే ముంత కింద పెట్టాడు.

"అడుగవేందే మల్లన్నా?"

"సర్కారు వద్దన్నది."

"అడుగుడే వద్దన్నది గద. ఇచ్చుడు వద్దనలే."

పెద్దులు ఇంటికి పోయి, తువ్వాల నిండా జొన్నలు తెచ్చి గంపలో గుమ్మరించాడు. అతని వెనుక ఇంకో తువ్వాల, ఇంకో తువ్వాల. గంప నిండి జొన్నలు నేల మీదకు జారాయి.

మల్లప్ప మొహం అటు తిప్పుకుని కసిరాడు.

"గిన్ని తెస్తార్రా? ఇసిరేటోళ్లకు చేతులు నొయ్యవా?"