జుమాదిల్ బావ ఇచ్చిన డబ్బా

మా బావ జుమాదిల్ నలభై ఏళ్లు గొర్రెలు కాశాడు. పొద్దున్నే దొడ్లోకి వెళ్తే ముందు చూసేది గొర్రె మొహం కాదు, పెంటికలు. వేళ్లతో నలిపి, "దీనికి నిన్న ఏదో పడలేదు" అనేవాడు. ఆ మాట తప్పేది కాదు. నెమరు మానేసిన గొర్రె కనిపిస్తే, బాగున్న గొర్రె నోట్లోంచి నెమరు ముద్ద లాగి దీని నోట్లో కుక్కేవాడు.

ఒకసారి అట్‌బాషీ సంతలో ఒకాయన విరేచనాలవుతున్న గొర్రెను మంద మధ్యలో దాచి బావకు అంటగట్టాడు. పదిహేనేళ్లయినా బావ ఆయనతో మాట్లాడలేదు.

నిరుడు చలికాలంలో రాజధాని బిష్కెక్‌లో బావ గుండెకు కవాటం మార్చారు. కొత్తది లోహంది. గదిలో సందడి లేకపోతే టిక్కుటిక్కుమని వినిపిస్తుంది. "ఇక ఇంట్లో గడియారం దండగ" అని అక్క వేళాకోళం చేసేది. గుండె కుదుటపడింది గానీ పొట్ట పడలేదు. రోజుకు ఐదారుసార్లు "గొర్రెల్ని చూసొస్తా" అని మంచులో పరుగెత్తేవాడు. అక్క నమ్మింది. పక్కిల్లు నాదే కాబట్టి ఆయన గొర్రెల వైపు వెళ్లడం లేదని నాకు తెలుసు.

ఆపరేషన్ తర్వాత బావ చూపించుకునే నరీన్ ఆస్పత్రిలో డాక్టరు సలియా మా ఊరి కోడలు. మాలో కోడళ్లు పెద్దవాళ్ల పేరు నోటితో అనరు. బావ పేరు చెప్పాల్సి వస్తే కాగితం మీద వేలు పెట్టి చూపించేది.

"మావయ్యగారూ, మన పేగుల్లో మేలుచేసే క్రిములుంటాయి. ఆపరేషనప్పుడు వాడిన మందులకి అవి కూడా చచ్చిపోయుండొచ్చు. అవి తగ్గితే, రక్తం గడ్డకట్టకుండా మీకిచ్చే మాత్ర మోతాదు మించి పనిచేస్తుంది. ఈ డబ్బాలో మీ మలం కొంచెం పట్టుకొస్తే పరీక్షకి పంపిస్తా. ఇంతకీ పొట్టెలా ఉంది?"

"గుండ్రాయిలా ఉందమ్మా, ఏ లోటూ లేదు" అన్నాడు బావ.

ఆమె చెప్పింది మా అందరికంటే గొర్రెలకు నెమరు ముద్దలు మార్చిన ఆయనకే బాగా అర్థమైంది. అయినా మర్నాడు ఖాళీ డబ్బాతో మా ఇంటికొచ్చాడు.

"బామ్మర్దీ, నీది రాళ్లు తిన్నా అరిగే పొట్ట. ఇందులో నీది పెట్టివ్వు."

"సిగ్గులేదా బావా?"

"సిగ్గుండబట్టే కదరా! ఊరి కోడలు మూత తీసి నా పాడు పొట్ట చూడాలా? ఇంటికొచ్చినవాళ్లకి కుళ్లిన మాంసం పెడతామా?"

నవ్వుకుంటూ పెట్టిచ్చాను. తప్పులో సగం నాది. మూడు వారాలకు, పొట్ట భేషుగ్గా ఉందని ఫలితం వచ్చింది.

మే నెలలో కొండమీది మేతకు సామాన్లు కడుతుండగా బావకు ముక్కులోంచి రక్తం మొదలైంది. రెండు తువ్వాళ్లు తడిసినా ఆగలేదు. నా కారులో నరీన్‌కు తీసుకెళ్లాం. సలియా ముక్కులో గుడ్డ కుక్కి, రక్తం పరీక్ష చేయించింది. రక్తం ఉండాల్సిన దానికంటే మరీ పలచబడింది.

"పొట్టలో లోటేం లేదని పరీక్షలో తేలింది. అంటే మాత్రలే ఎక్కువ పడుతున్నాయి. ఎవరిస్తున్నారు?"

"నేనే" అంది అక్క.

"రోజుకొకటేనా అత్తయ్యగారూ? ఎప్పుడైనా మర్చిపోయి రెండు వేశారేమో గుర్తుచేసుకోండి."

అక్క తన చేతుల వంక చూసుకుంది. "వేశానేమోనమ్మా. ముసలిదాన్నయిపోయా. నేనే వేసుంటా. ఇకనుంచి ఇంకెవరి చేతైనా ఇప్పించండి" అంది.

నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. అక్క ముఖం చూడలేకపోయాను. డాక్టరు దగ్గరా వకీలు దగ్గరా దాచకూడదంటారు. మేం దాచాం. దాని ఫలితం ఏ తప్పూ చేయని మనిషి మోస్తోంది.

"ఆగండి" అన్నాడు బావ, ముక్కులో గుడ్డతోనే. "దాని తప్పేం లేదు. డబ్బాలోది వీడిది. నాకు నాలుగు నెలల్నుంచీ విరేచనాలు. జబ్బు గొర్రెను మందలో దాచింది నేనే."

సలియా ముఖం ఎర్రబడింది. మాత్ర రెండు రోజులు ఆపి, తర్వాత తగ్గించి వేయమని రాసింది. బావను వార్డులో ఉంచుకుని, ఇంకో డబ్బా చేతికిచ్చింది.

మర్నాడు బావ డబ్బా తెచ్చిచ్చాడు. ఆమె ఈసారి కాగితం మీద వేలు పెట్టలేదు. తలెత్తి సూటిగా చూసి, వార్డంతా వినేలా, "జుమాదిల్ ఎసెన్‌కులోవ్. ఇది ఎవరిది?" అంది.

మా ఊరి కోడలి నోట పెద్దవాళ్ల పేరు వినడం నాకదే మొదలు.

"నాదే" అన్నాడు బావ, తల దించుకుని.

మూడో రోజు సాయంత్రం నర్సు మాత్ర తెచ్చింది. బావ అందుకోలేదు. "మా ఆవిడకివ్వండి" అన్నాడు. అక్క ఇంకా తన చేతుల్నే చూసుకుంటూ కూర్చుంది. ఆయన తన అరచెయ్యి ఆమె ముందు చాపి, ఆమె అందులో మాత్ర వేసేదాకా తియ్యలేదు.