మొఘల్‌పురా గిర్నీ, మా యారాలు

సంతోష్‌నగర్‌లో మా ఇంటి మలుపు దగ్గరున్న పిండిగిర్నీని మొన్న మూసేశారు. గోధుమలు డబ్బాలో పోసుకుని వెళ్లిన మా కోడలు ఆ డబ్బాను అట్లాగే మోసుకుని తిరిగొచ్చి, అక్కడ సెల్‌ఫోన్ల దుకాణం పెడుతున్నారట, ఇకనుంచి పిండి ప్యాకెట్లే కొనుక్కుందామని చెప్పి, అదొక విషయమే కానట్టు టీ పెట్టుకోవడానికి లోపలికి వెళ్లిపోయింది. నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు. గిర్నీ పోయిందని బాధపడ్డాననుకునేరు, కాదు. గిర్నీ అన్న మాట చెవిన పడితే చాలు, ఇన్నేళ్లుగా నా కడుపులో ఉన్న కుళ్లు ఒక్కసారి కదులుతుంది. ఈ వయసులో దాపరికమెందుకు, మా యారాలంటే నాకు కుళ్లు. ఆమె పోయి చాలా ఏళ్లయింది. కుళ్లు మాత్రం పోలేదు.

తోటికోడలిని మా వైపు యారాలంటాం. నేను పెద్దకోడలిని, ఆమె చిన్నకోడలు. నేను కాపురానికి వచ్చినప్పుడు నిజాం రాజ్యం. ఎక్కడో దూరాన యుద్ధం జరుగుతోందని, అందుకే బజారులో అన్నీ ప్రియమవుతున్నాయని మగవాళ్లు అరుగుల మీద కూర్చుని మాట్లాడుకునేవారు. మొఘల్‌పురాలో మా అత్తగారిది పాడి ఇల్లు. మనుషులకంటే బర్రెలు ఎక్కువ, మనుషులకంటే వాటికే ముందు తిండి. ఇంట్లో అందరికీ జొన్నరొట్టెల పిండి, బర్రెలకు బరకగా ఉలవలు, దేవిడీల్లో, అంటే నవాబుల పెద్ద భవంతుల్లో, పాలు పోయించుకునే బేగంల ఇళ్లకు అడిగినప్పుడు శనగపిండి, ఇవన్నీ తెల్లవారకముందే ఇసుర్రాయి మీద మా చేతుల్లో తయారు కావాలి. నా ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు, ఆ రాయి తిప్పి తిప్పి అరచేతుల్లో కాయలు కాసేవి, భుజాలు మగవాళ్ల భుజాల్లా గట్టిపడేవి.

అయితే నాకు అది కష్టమనిపించేది కాదు. గొప్పలు అనుకోకండి, గల్లీ మొత్తంలో నా అంత సన్నగా, నా అంత త్వరగా విసిరే మనిషి లేదు. ఎవరింట్లో పెళ్లి అనుకున్నా, ఇసుర్రాయికి పసుపు రాసి, కంకణం కట్టి, ముత్తైదువలతో మొదటి గుప్పెడు విసిరించే రోజున ముందు నాకే కబురొచ్చేది. మా అత్త మెచ్చుకోలు మాటలు తెలిసిన మనిషి కాదు కాని, నేను విసిరిన పిండిని వేళ్ల మధ్య నలిపి చూసి ఊఁ అనేది. ఆ ఊఁ కోసం నేను చలికాలంలో కూడా కోడికంటే ముందు లేచేదాన్ని.

మా యారాలికి రాయి తిరిగేది కాదు. సన్నటి మనిషి, పైగా దమ్ము రోగం. నాలుగు చుట్లు తిప్పితే ఆయాసం, అయిదో చుట్టుకు దగ్గు. మరిది ఉన్నన్నాళ్లు ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. జ్వరమొచ్చి మరిది పోయాక, చంకలో చిన్న ఆడపిల్లతో ఆమె మిగిలిపోయాక, ఇంట్లో మాటలు మొదలయ్యాయి. పని చేయలేని మనిషిని పుట్టింటికి పంపాలని మా మామ, పంపితే పంపుదాం కాని కొడుకు గుర్తుగా మిగిలిన పసిదాన్ని మాత్రం గడప దాటనివ్వనని మా అత్త. ఆమె అన్న కూడా కబురు పెట్టాడు, "మా చెల్లెను తీస్కపోత, బిడ్డ మీ ఇంటిది, మీరే సాదుకోండ్రి" అని. దసరా వెళ్లగానే వస్తానన్నాడు. ఆ మాట విన్ననాటి నుంచి ఆమె పిల్లను చంక దించలేదు. బర్రెలకు నీళ్లు పెట్టేటప్పుడు కూడా పిల్ల చంకనే ఉండేది.

ఆ రోజుల్లోనే మా గల్లీలోకి కరెంటు తీగలు వచ్చాయి, వాటి వెనకే గిర్నీ వచ్చింది. చౌరస్తాలో ధాన్యం దుకాణం నడిపే సేటు తన కొట్టు పక్క గదిలో మోటారు బిగించాడు. పైన రేకు తొట్టిలో గింజలు పోస్తే కింద గుడ్డగొట్టం లోంచి పిండి డబ్బాలో పడుతుందట, మోటారుకూ రాయికీ నడుమ తోలు పట్టా తిరుగుతుందట అని ఊరంతా వింతగా చెప్పుకున్నారు కాని, గింజలు తీసుకుని వెళ్లింది తక్కువమంది. గిర్నీ పిండి వేడిగా వస్తుంది కనుక సత్తువ కాలిపోతుందని కొందరు, కరెంటు మనిషిని గుంజుకుంటుందని కొందరు. అసలు సంగతి వేరే. గింజలు పట్టుకెళ్లాల్సింది ఆడవాళ్లు, గిర్నీలో ఉండేది మగవాళ్లు. ఘోషా ఇళ్ల వాళ్లు సరేసరి, మా ఇళ్ల కోడళ్లు కూడా అక్కడ నిలబడేవారు కాదు.

సేటు తెలివైనవాడు. మధ్యాహ్నం పూట ఆడవాళ్ల కోసమని గిర్నీని ఒక ఆడమనిషి చేతిలో పెడితే అన్ని ఇళ్ల గింజలూ తన దగ్గరికే వస్తాయని లెక్క వేసుకుని, మా అత్త దగ్గరికి వచ్చి, మీ పెద్దకోడలిని పంపమ్మా, పిండి సంగతి ఆమెకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు, జీతమూ ఇస్తాను, మీ ఇంటి గింజలు ఊరికే పట్టిస్తాను అన్నాడు. పెద్దకోడలంటే నేనే. ముందు నన్నే అడిగారు.

ఎంత పొంగిపోయానో చెప్పలేను. మరునాడే ఉతికిన చీర కట్టుకుని వెళ్లాను. సేటు స్విచ్చు పైకి లేపాడు. ఆ మోత ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. పట్టా చటచటమని కొట్టుకుంటూ తిరిగింది, కాళ్ల కింద బండలు అదిరాయి, గది నిండా తెల్లటి దుమ్ము లేచింది. నా చీర కొంగు ఆ పట్టా వైపే ఎగురుతున్నట్టు, దాన్ని పట్టుకుని ఎవరో నన్ను లాగుతున్నట్టు అనిపించింది. ఇంత ఇంత ఇసుర్రాయిని ఆడిస్తూ తిప్పేదాన్ని, ఆ స్విచ్చు మీద వేలు పెట్టలేక ఇంటికి ఉరికొచ్చేశాను. నా వల్ల కాదని అత్తకు చెప్పి దొడ్లో కూర్చున్నాను.

సేటుకు లేదని కబురు పంపబోతుంటే, గడప పక్క నుంచి మా యారాలు "నేను పోత అత్తా" అంది.

ఇంట్లో అందరం నవ్వాం. "రాయి తిప్పరాదు గని, కరెంటు తిప్పుతదట!" అని అత్త నెత్తి కొట్టుకుంది. ఆమె మాత్రం నవ్వలేదు. "రాయి నా చేత గాదు. అది నేర్చుకునే పని గదా, నేర్చుకుంట. నా బిడ్డను నా తాన్నే ఉండనియ్యుండ్రి, గంతే" అంది. ఆ ఇంట్లో ఆమె అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు.

మరునాడు ఏమవుతుందో చూద్దామని నేనూ వెనకాలే వెళ్లి గిర్నీ గడప దగ్గర నిలబడ్డాను. పారిపోయి వస్తుందని నా నమ్మకం, నా కోరిక కూడా అదే. ఆమె కొంగు నడుముకు గట్టిగా బిగించి, పిల్లను నా చేతికిచ్చి, స్విచ్చు మీద చెయ్యి పెట్టి, కాసేపు అట్లాగే నిలబడి, పైకి లేపింది. మోటారు మోగింది. ఆమె కదల్లేదు. గుడ్డగొట్టం లోంచి పిండి పడుతుంటే గుప్పిట్లోకి తీసుకుని వేళ్ల మధ్య నలిపి చూసింది, అచ్చం మా అత్తలాగా. నా కళ్లల్లో నిప్పులు పోసినట్టయింది.

నెల తిరగకుండా మధ్యాహ్నం గిర్నీ ఆడవాళ్ల జాగా అయిపోయింది. తలుపుకు తడక కట్టించింది. బురఖాల్లో వచ్చిన బేగంలు లోపలికి రాగానే ముసుగులు తీసి బోర్లించిన డబ్బాల మీద కూర్చుని ముచ్చట్లు పెట్టేవారు. ఆమె వాళ్ల ఉర్దూ నేర్చుకుంది, వాళ్లు ఆమె తెలుగు నేర్చుకున్నారు. వేడి పిండిని వెంటనే మూత పెట్టకుండా బట్ట మీద ఆరబోయమని, అప్పుడు రొట్టె పగలదని అందరికీ చెప్పేది. ఎదుటి దేవిడీ ముసలి బేగం వచ్చినప్పుడల్లా "తేరే హాత్ సలామత్ రహేఁ మా" అని ఆమె చేతులను దీవించి వెళ్లేది. నా చేతులను ఎవరు దీవించారు? నా పిల్లలు కూడా చిన్నమ్మ చిన్నమ్మ అంటూ పిండి కొట్టుకున్న ఆమె కొంగే పట్టుకు తిరిగేవారు. దమ్ముతో పిండి దుమ్ములో మసలడం ఆమెకు తేలికేమీ కాదు, ముక్కుకు తడిబట్ట కట్టుకునేది, రాత్రిళ్లు దగ్గేది. దగ్గు వినబడితే రేపు మానేస్తుందేమోనని అనుకునేదాన్ని. మానేది కాదు.

అంతా బాగానే సాగేది కాని పెళ్లిళ్ల రోజులు వచ్చాయి. మా గల్లీలోనే ఒక పెళ్లివారు గింజలు తెచ్చి, పట్టేది ఎవరో చూసి, డబ్బా ఎత్తుకుని వెనక్కి వెళ్లిపోయారు. శుభకార్యం పిండికి మొగుడు పోయిన మనిషి చెయ్యి తగలొచ్చా అని. వాళ్లను చూసి ఇంకో ఇల్లు, ఇంకో ఇల్లు. బేగంలకు ఆ పట్టింపు లేదు కాని, మా వాళ్లు రావడం మానేస్తే సేటుకు గిట్టుబాటు కాదు. దసరా దాకా చూస్తానన్నాడు. ఆమె అన్న వచ్చేదీ దసరా వెళ్లగానే.

ఆ ఏడే మా ఆడబిడ్డ పెళ్లి కుదిరింది. ఇంటి పెళ్లి, మా అత్త ఒక్కగానొక్క కూతురు పెళ్లి. ఆ పిండి నేనే విసరాలి, అందులో ఎవరికీ అనుమానం లేదు. ఇసుర్రాయి కడిగి పసుపు రాసి కంకణం కట్టాను. ముత్తైదువలు వచ్చి కూర్చున్నారు, మొదటి గుప్పెడు పోశారు, పాట ఎత్తుకున్నారు. నేను పిడి మీద చెయ్యి వేశాను. చాలా రోజుల తరువాత అందరి కళ్లూ నా మీద ఉన్నాయి.

నాలుగు చుట్లు తిప్పానో లేదో, మా అత్త చాటున నిలబడి చూస్తున్నదల్లా వచ్చి, గోధుమల గంప నా ముందు నుంచి ఎత్తి నెత్తిన పెట్టుకుంది. శాస్త్రానికి విసిరింది చాలని, నడవమని అందరినీ లేపింది. ఏమవుతోందో తెలియక ఆడవాళ్లంతా ఆమె వెనక నడిచారు, నేనూ నడిచాను. తిన్నగా గిర్నీలోకి వెళ్లి, గంప చిన్నకోడలి ముందు దించింది.

"నా కొడుకు పోయిండు. దాని రాత గట్లున్నది, దాని చేతులేం జేసినయ్? నా బిడ్డ పెండ్లి పిండి ఇదే పడ్తది. నచ్చనోళ్లు బంతికి రాకుండ్రి" అంది.

మా యారాలు కళ్లు తుడుచుకుంటే ముఖమంతా పిండి. స్విచ్చు లేపింది. మా ఆడబిడ్డ పెళ్లి బంతికి అందరూ వచ్చారు, మిగలకుండా తిన్నారు. ఆ తరువాత పెళ్లివారి గింజలన్నీ గిర్నీ దారి పట్టాయి. దసరా వెళ్లాక ఆమె అన్న వచ్చి, అత్త చేతి రొట్టె తిని, ఒక్కడే వెళ్లిపోయాడు. పిల్ల తల్లి దగ్గరే పెరిగింది, బడికి వెళ్లింది, ఆ గల్లీలో పది దాకా చదివిన మొదటి ఆడపిల్ల అదే.

అత్త చేసింది మంచి పనే. ఎవరైనా అదే అంటారు, నేనూ అంటాను. కాని గంప నా ముందు నుంచి లేచిపోయిన ఆ క్షణం నాకు ఎట్లా అనిపించిందో ఎవరైనా ఆలోచించారా? పెళ్లి అయిపోయాక ఇంటి జొన్నలు, బర్రెల ఉలవలు కూడా గిర్నీకే వెళ్లసాగాయి. ఇసుర్రాయిని దొడ్లో ఒక మూలకు దొర్లించారు. హాయిగా తెల్లవారే దాకా పడుకోవచ్చు కదా అని మా ఆయన సంబరపడ్డాడు. నేను చీకటితోనే మేలుకుని, ఏం చేయాలో తెలియని చేతులతో పడుకుని ఉండేదాన్ని. పక్క గదిలో ఆమె, పిల్ల నిద్రపోతూ ఉండేవారు.

ఇద్దరమూ ముసలివాళ్లమయ్యాక ఒక రోజు ఎండలో కూర్చుని చింతపండు గింజలు తీస్తూ ఆమెను అడిగాను, నీకు ఆ రోజు భయం కాలేదా అని. భయమన్నదే తెలియని పుట్టుక ఆమెదని, దేవుడు నాకు కండలిచ్చి ఆమెకు ధైర్యమిచ్చాడని, అందులో నేను చేయగలిగిందేమీ లేదని నేను ఎప్పుడో మనసుకు నచ్చచెప్పుకుని ఉన్నాను.

ఆమె పకపకా నవ్వింది. "భయం గాకపోవుడేంది అక్కా? స్విచ్చు మీద చెయ్యి పెట్టంగనే ఉరుకుదామనే అనుకున్న. గని నువ్వు కడపకాడ నిలవడి చూస్తున్నవ్. నీ చేతులంటే నాకు మస్తు కుళ్లుండె అక్కా. నీ ముంగట ఓడిపోతనా అని లేపిన" అంది.

చింతపండు నా చేతిలోనే ఉండిపోయింది. భయం ఇద్దరికీ ఒక్కటే, కుళ్లూ ఇద్దరికీ ఉన్నదే. ఆమె దాంతో స్విచ్చు లేపింది, నేను దాన్ని కడుపులో పెట్టుకుని ఇంటికొచ్చాను. అప్పటి నుంచి ఆమె మీద నా కుళ్లు తగ్గలేదు సరికదా, దానికి ఉన్న ఒక్క సాకు కూడా పోయింది.

ఇప్పుడు మా ఇంట్లో ఆడపిల్లలు స్కూటర్ల మీద మలక్‌పేట దాకా, అవతలి దాకా వెళ్లి వస్తుంటారు, కంప్యూటర్ల ముందు కూర్చుంటారు, కొత్త యంత్రం ఏది వచ్చినా పెట్టె విప్పి, ఎట్లా పని చేస్తుందో కనుక్కునే దాకా ఊరుకోరు. వాళ్ల అరచేతులు మెత్తగా ఉంటాయి. వాళ్లను చూసి ముచ్చటపడతాను, నిజం చెప్పాలంటే కుళ్లుకుంటాను కూడా. తమను ఎవరైనా అడగాలని వాళ్లు కాచుకుని కూర్చోరు, వాళ్లంతట వాళ్లే వెళ్లిపోతారు. మా కాలంలో ఆడదాన్ని వచ్చి అడగడమే అరుదు. నన్ను అడిగారు.